దివాలా లెక్కలో ఆడవాళ్ల జీతాలు

2023 సెప్టెంబర్ 5న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ చేతులెత్తేసింది. పదకొండు లక్షలకు పైగా జనాభా ఉన్న నగరం అది. బ్రిటన్‌లోని స్థానిక సంస్థల్లో అతి పెద్దది. అక్కడి చట్టం ప్రకారం కౌన్సిళ్లు కంపెనీల్లా దివాలా తీయడానికి వీల్లేదు. కానీ రాబడికీ ఖర్చుకీ పొంతన కుదరదని తేలినప్పుడు ఆర్థికాధికారి '114 నోటీసు' ఇవ్వాలి. ఆ నోటీసు వచ్చిందంటే తప్పనిసరి సేవలకు తప్ప కొత్తగా ఒక్క పౌండు ఖర్చు పెట్టకూడదు. జనం భాషలో చెప్పాలంటే దివాలా అదే. ఆ ఏడాది బడ్జెట్‌లో 8.7 కోట్ల పౌండ్ల లోటు కనబడింది. దానికి మించిన పెద్ద అంకె ఇంకొకటి ఉంది. ఆడ ఉద్యోగులకు సమాన వేతనం కింద చెల్లించాల్సిన బకాయి 65 నుంచి 76 కోట్ల పౌండ్ల దాకా ఉంటుందని కౌన్సిల్ అంతకుముందు జూన్‌లోనే ప్రకటించింది.

దాంతో వార్త ఒక్క వాక్యంగా కుదించుకుపోయింది. సమాన వేతనం వల్ల నగరం దివాలా తీసింది. వంటమనిషి, ఊడ్చే మనిషి, ముసలివాళ్లకు స్నానం చేయించే మనిషి కలిసి ఒక మహానగరాన్ని ముంచేశారన్నమాట! చరిత్ర తెలియనివాళ్లకు ఇది నమ్మదగిన కథలాగే ఉంటుంది. అందుకే ఆ చరిత్రలోకి ఒకసారి వెళ్లి రావాలి. ఆ దారి వందేళ్ల వెనకనుంచి మొదలవుతుంది.

లండన్ తూర్పు భాగంలో పోప్లర్ అనే పేట ఉంది. ఓడరేవు కూలీల పేట. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పేట కౌన్సిల్ లేబర్ పార్టీ చేతికి వచ్చింది. నాయకుడు జార్జ్ లాన్స్‌బరీ. 1920లో ఆ కౌన్సిల్ తన దగ్గర పనిచేసే ఎవరికైనా వారానికి కనీసం 4 పౌండ్ల జీతం ఇవ్వాలని నిర్ణయించింది. మగవాళ్లకీ ఆడవాళ్లకీ ఒకటే జీతం. అదే పని మీద ఉన్న మగవాడి జీతంలో సగానికో ముప్పాతికకో ఆడవాళ్లు పనిచేయడం లోకరీతిగా ఉన్న రోజులవి. ముప్పయ్యేళ్లు దాటిన బ్రిటిష్ స్త్రీలకు పార్లమెంటు ఓటు వచ్చి అప్పటికి రెండేళ్లే అయింది.

అంతలో నిరుద్యోగం విరుచుకుపడింది. ఏ పేట బీదలను ఆ పేటే పోషించుకోవాలన్నది అప్పటి చట్టం. బీదలు తక్కువగా ఉన్న పడమటి లండన్ పేటలకు దాని భారం తెలియదు. బీదలే నిండిన పోప్లర్ మాత్రం తన ఇళ్ల మీద పన్ను పెంచుకుంటూ పోవాలి. పైగా లండన్ కౌంటీ కౌన్సిల్‌కీ పోలీసు శాఖకీ వాటా కట్టాలి. 1921లో పోప్లర్ కౌన్సిలర్లు ఆ వాటా కట్టం పొమ్మన్నారు. బీదల కడుపు మాడ్చి మీ వాటా చెల్లించలేం అన్నారు. ఆ సెప్టెంబర్‌లో 30 మంది కౌన్సిలర్లను జైలుకి పంపారు. మగవాళ్లను బ్రిక్స్‌టన్‌కి, ఆడవాళ్లను హాలోవేకి. జైలుకి వెళ్లిన స్త్రీలలో సూసన్ లారెన్స్, జూలియా స్కర్, నెల్లీ క్రెసాల్, మిన్నీ లాన్స్‌బరీ ఉన్నారు. నెల్లీ అప్పుడు నిండు గర్భిణి. మిన్నీ టీచరుగా పనిచేసి, సిల్వియా పాంఖర్స్ట్‌తో కలిసి తూర్పు లండన్ శ్రామిక స్త్రీల ఓటు హక్కు కోసం తిరిగిన మనిషి. కౌన్సిల్ సమావేశాలు జైల్లోనే జరిగాయి. ఆడవాళ్లను ఆ జైలునుంచి ఈ జైలుకి తీసుకొచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆరు వారాల తర్వాత ప్రభుత్వం దిగొచ్చింది. బీదల పోషణ భారాన్ని లండన్ పేటలన్నీ పంచుకునేలా చట్టం మారింది. విడుదలైన కొన్ని వారాలకే, 1922 జనవరి 1న, మిన్నీ న్యుమోనియాతో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 32.

పోప్లర్ కథను సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. గెలుపుతో ఆపడం బావుంటుంది కదా. కానీ మనకు కావలసిన ఘట్టం ఆ తర్వాతిదే. పన్ను విషయంలో గెలిచిన కౌన్సిల్‌ని ఆడిటరు జీతాల విషయంలో పట్టుకున్నాడు. ధరలు తగ్గాయి కాబట్టి 4 పౌండ్ల జీతం అతి అన్నాడు. మరీ ముఖ్యంగా ఆడవాళ్లకు అంత ఇవ్వడం అన్యాయమన్నాడు. 5 వేల పౌండ్లు కౌన్సిలర్లు తమ జేబుల్లోంచి కట్టాలన్నాడు. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1925లో అక్కడి న్యాయమూర్తులు ఆడిటరే సరి అని తీర్పు ఇచ్చారు. లార్డ్ అట్కిన్సన్ అనే న్యాయమూర్తి ఒక అడుగు ముందుకు వేశాడు. ఈ కౌన్సిల్ వింతైన సోషలిస్టు దాతృత్వానికీ, పనిలోకంలో ఆడామగా జీతాలు సమానం చేయాలన్న ఫెమినిస్టు ఆకాంక్షకీ లొంగిపోయిందని తప్పుపట్టాడు. ఇంగ్లీషు న్యాయవిద్యార్థులు పాలనాధికారాల పరిమితుల గురించి చదువుకునేటప్పుడు ఈ తీర్పు ఇప్పటికీ ఎదురవుతుంది. ప్రజల డబ్బుకి ధర్మకర్తలుగా ఉండాల్సినవాళ్లు స్త్రీలకు సమాన జీతం ఇచ్చి ఆ ధర్మం తప్పారు! దీని సారం అదే. ఖజానాకి ఎదురుగా స్త్రీ జీతాన్ని నిలబెట్టడం అప్పుడే మొదలైంది. ఆడమనిషికి ఇచ్చే న్యాయమైన కూలి పన్ను కట్టేవాడి జేబుకి చిల్లు అన్న భావన చట్టంలోకి ఎక్కింది.

ఆ భావన దిగడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1968లో డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్ల సీట్ల కవర్లు కుట్టే స్త్రీలు సమ్మె చేశారు. 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. యజమానులు సర్దుకోవడానికి అయిదేళ్లు గడువిచ్చి 1975 డిసెంబర్ 29నుంచి అమలు చేశారు. అది అంతర్జాతీయ మహిళా సంవత్సరం. అదే ఏడాది మన దేశంలోనూ సమాన వేతన ఆర్డినెన్సు వచ్చి, 1976లో చట్టమయింది. రెండు చట్టాలూ దాదాపు కవలలు. కానీ తర్వాత వాటి దారులు వేరయ్యాయి. ఒకే పని చేసేవాళ్ల మధ్య పోలిక సరిపోదనీ, సమాన విలువ ఉన్న పనుల మధ్య పోలిక కావాలనీ యూరప్ న్యాయస్థానం బ్రిటన్‌ని గట్టిగా తప్పుపట్టడంతో అక్కడ చట్టాన్ని మార్చారు. 1984నుంచి ఒక వంటమనిషి తన జీతాన్ని ఒక వడ్రంగి జీతంతో పోల్చుకుని కోర్టుకి వెళ్లే వీలు కలిగింది. ఈ చిన్న మార్పు ఎంత పెద్దదో తర్వాత తెలిసింది.

ఎందుకంటే కౌన్సిళ్లలో ఆడవాళ్లు ఒకచోటా మగవాళ్లు ఒకచోటా పనిచేస్తారు. చెత్త బండి మీద మగవాళ్లు. బడి వంటగదిలో ఆడవాళ్లు. రోడ్డు మరమ్మతు మగవాళ్లది. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి అన్నం పెట్టి, మందులిచ్చి, పక్క మార్చే పని ఆడవాళ్లది. 1980ల చివర కౌన్సిళ్లలోని కాయకష్టం పనులన్నిటినీ బేరీజు వేసినప్పుడు వీటిలో చాలా పనులు ఒకే గ్రేడులో పడ్డాయి. కాగితం మీద మూల వేతనం ఒకటే. కానీ జీతం కవరు విప్పితే వేరు. మగవాళ్ల పనులకు 'బోనస్' ఉంది. ఎక్కువ పని రాబట్టడానికి 1960లలో పెట్టిన పద్ధతి అది. క్రమంగా పనితో సంబంధం లేకుండా జీతంలో భాగమైపోయింది. వంటకీ సేవకీ మాత్రం బోనస్ లేదు. ముసలామెకు గబగబా స్నానం చేయించేసి మరో ఇంటికి పరిగెత్తితే బోనస్ ఇస్తామని ఎవరూ అనరు కదా! అలా తొందరపడకూడని పని కావడమే ఆమె జీతం తగ్గడానికి కారణమైంది.

మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1988లో తెచ్చిన స్థానిక పాలన చట్టం ఈ గాయం మీద కారం చల్లింది. చెత్త ఎత్తడం, భవనాలు శుభ్రం చేయడం, బడిలో భోజనాలు, తోటపని వంటివాటికి కౌన్సిళ్లు తప్పనిసరిగా టెండర్లు పిలవాలి. కౌన్సిల్‌ సొంత విభాగం కూడా ప్రైవేటు కంపెనీలతో పోటీపడి పని గెలుచుకోవాలి. ధర తగ్గించాలంటే జీతం తగ్గించాలి. ఎవరిది? నార్త్ యార్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ కథ దీనికి జవాబు. అక్కడి బడి వంటవాళ్ల పనీ, మగవాళ్ల రోడ్లూడ్చే పనీ, చెత్త ఎత్తే పనీ సమానమని అప్పటికే తేలింది. అయినా టెండరు గెలవడం కోసం వెయ్యిమందికి పైగా ఉన్న ఆ వంటవాళ్ల జీతం కోశారు. మగవాళ్ల జోలికి పోలేదు. బయటి కంపెనీలు అంత తక్కువకి ఎలా చేయగలుగుతున్నాయి? పల్లెల్లో పిల్లల బడివేళలకు సరిపోయే పని మరొకటి దొరకని తల్లులు ఎంతిస్తే అంతకి వస్తారు కాబట్టి. దీన్నే మార్కెట్ ధర అన్నారు. 1995 జూలైలో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ వాదాన్ని కొట్టేసింది. మార్కెట్ స్త్రీలను చిన్నచూపు చూస్తోంది కాబట్టి మేమూ చూస్తామంటే కుదరదని తేల్చింది. ఫెమినిస్టు ఆకాంక్ష అని వెక్కిరించిన ఆ సభే డెబ్బయ్యేళ్ల తర్వాత ఈ మాట చెప్పింది.

1997లో కౌన్సిళ్లూ యూనియన్లూ ఒక జాతీయ ఒప్పందం చేసుకున్నాయి. కాయకష్టం ఉద్యోగాలనూ ఆఫీసు ఉద్యోగాలనూ ఒకే చట్రంలోకి తెచ్చి, ప్రతి పనినీ కొత్తగా బేరీజు వేసి, ఈ తేడాలు తుడిచేస్తామన్నారు. అందుకు ప్రభుత్వం డబ్బివ్వలేదు. కౌన్సిళ్లు వాయిదా వేశాయి. యూనియన్లూ నీళ్లు నమిలాయి. బోనస్ తీసేస్తే మగ సభ్యులకు కోపం, ఆడవాళ్లకు పెంచమంటే ఉద్యోగాలు పోతాయన్న భయం. చివరికి జీఎంబీ అనే పెద్ద యూనియన్ మీద సొంత సభ్యులైన స్త్రీలే కేసు వేశారు. మగవాళ్ల జీతాలు కాపాడటానికి మా బకాయిలను చౌకగా వదులుకోమన్నారని వాళ్ల ఫిర్యాదు. 2008లో అప్పీలు కోర్టు ఆ స్త్రీల పక్షాన తీర్పు చెప్పింది. కార్మికవర్గం అన్న మాటలో మేము ఉన్నామా లేమా అని స్త్రీలు అడిగినప్పుడల్లా ఐక్యతకు భంగం అనే జవాబు మనకీ కొత్త కాదు.

ఇక బర్మింగ్‌హామ్. 2010లో ట్రిబ్యునల్ నాలుగు వేల మందికి పైగా స్త్రీలకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, సంరక్షణ పనివాళ్లు. అదే గ్రేడులోని కొందరు మగవాళ్లకు మూల వేతనం మీద 160 శాతం దాకా బోనస్ ముట్టిందని అక్కడ బయటపడింది. అప్పటికే ఉద్యోగం మానేసిన స్త్రీల మాటేమిటి? ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి ఆరు నెలలే గడువు. 174 మంది మాజీ ఉద్యోగులు ఆరేళ్ల గడువుండే మామూలు కోర్టుకి వెళ్లారు. కుదరదని కౌన్సిల్ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 2012 అక్టోబర్ 24న ముగ్గురు న్యాయమూర్తులు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఒక్క ఓటు తేడాతో దేశమంతటా వేల స్త్రీలకు తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత కౌన్సిల్ దాదాపు 110 కోట్ల పౌండ్లు చెల్లించింది. 2015లో తన జాతీయ ప్రదర్శనశాలల సంస్థను 30.7 కోట్లకు అమ్మింది కూడా అందుకే.

అయితే తప్పు దిద్దుకుందా? లేదు. 2017లో చెత్త బండి కార్మికుల సమ్మెను ముగించడానికి చేసిన ఒప్పందంలో ఒక ప్రత్యేక హోదాను నిలబెట్టారు. బండ్లు తొందరగా తిరిగేసి ముందే ఇంటికి వెళ్లి పూర్తి రోజు జీతం తీసుకునే వాడుకా ఉంది. బడి వంటమనిషికి ఆ వెసులుబాటు ఎప్పుడూ లేదు. కొత్త బకాయిలు అలా పేరుకున్నాయి.

దివాలాకి కారణం ఇదొక్కటేనా? 2010లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం పొదుపు పేరుతో స్థానిక సంస్థల నిధులు కోసింది. 2010-11నుంచి 2017-18 మధ్య ఇంగ్లండు కౌన్సిళ్లకు కేంద్ర నిధులు, ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే, 49.1 శాతం తగ్గాయని జాతీయ ఆడిట్ కార్యాలయమే చెప్పింది. ఆ కోతల వల్ల పదేళ్లలో తాను వంద కోట్ల పౌండ్లకు పైగా కోల్పోయానని బర్మింగ్‌హామ్ కౌన్సిల్ చెప్పుకుంది. దానికి తోడు ఒక కంప్యూటర్ వ్యవస్థ. ఒరాకిల్ కంపెనీది. సుమారు 1.9 కోట్ల పౌండ్లలో అయిపోతుందన్నది 10 కోట్ల దాకా పెరిగింది. జమాఖర్చులు సరిగా చూపడం కూడా దానికి చేతకాలేదు. ఇతర కౌన్సిళ్లను చూడండి. వోకింగ్ ఆకాశహర్మ్యాలూ హోటలూ కట్టడానికి అప్పులు చేసి కూలింది. థర్రాక్ సౌర విద్యుత్ పెట్టుబడుల్లో మునిగింది. క్రాయ్‌డన్‌ని ఆస్తి వ్యాపారం ముంచింది. ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్ల జెండరు గురించి ఎవరూ శీర్షికలు పెట్టలేదు. 76 కోట్ల బకాయి అంకె మీద కూడా తర్వాత పరిశోధకులు సందేహాలు లేవదీశారు. 2024 డిసెంబర్‌లో యూనియన్లతో ఒప్పందం కుదిరిన తర్వాత ఆ అంకె బాగా తగ్గింది. కానీ కోతలకు ఆధారమైంది ఆ మొదటి అంకే.

2024 మార్చిలో ఆమోదించిన బడ్జెట్ రెండేళ్లలో 30 కోట్ల పౌండ్ల కోత పెట్టింది. 600 దాకా ఉద్యోగాలు పోతాయన్నారు. ఇంటిపన్ను ఒక్కసారే దాదాపు 10 శాతం పెరిగింది. లైబ్రరీలు, యువజన సేవలు, వయోవృద్ధుల సంరక్షణ, కళాసంస్థల నిధులు అన్నిటి మీదా వేటు. వీధి దీపాలు మసకబార్చారు. చీకటి వీధి ఎవరికి భయమో చెప్పనక్కర్లేదు.

ఈ కోతలు స్త్రీ మీద మూడుసార్లు పడతాయి. ఇంగ్లండు స్థానిక సంస్థల ఉద్యోగుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఆడవాళ్లే కాబట్టి ఉద్యోగం పోయేది మొదట ఆమెకి. పిల్లల కేంద్రం, లైబ్రరీ, హింసనుంచి తప్పించుకొచ్చినవాళ్లకు ఆశ్రయం, వీటిని ఎక్కువగా వాడుకునేదీ ఆమే కాబట్టి రెండో దెబ్బ. సంరక్షణ పనిమనిషిని తీసేసినంత మాత్రాన మంచం పట్టిన అత్తగారు లేచి నడవదు. ఆ పని ఇంట్లో ఆడమనిషి చేతికి తిరిగి వస్తుంది, జీతం లేకుండా. అది మూడో దెబ్బ. బడ్జెట్ పుస్తకంలో దీని పేరు పొదుపు. 2010లోనే ఫాసెట్ సొసైటీ అనే మహిళా సంస్థ ఈ సంగతి చెబుతూ బడ్జెట్ మీద కోర్టుకి వెళ్లింది. స్త్రీల మీద ఏ ప్రభావం పడుతుందో అంచనా వేయకుండానే కోతలు పెట్టారని వాదించింది. కోర్టు విచారణకు అనుమతించలేదు.

అన్నిసార్లూ ఓడిపోలేదు కూడా. 2008లో లండన్‌లోని ఈలింగ్ కౌన్సిల్, సౌతాల్ బ్లాక్ సిస్టర్స్‌కి ఇచ్చే నిధిని ఆపబోయింది. 1979నుంచి దక్షిణాసియా, ఆఫ్రికన్ కరీబియన్ స్త్రీల కోసం పనిచేస్తున్న సంస్థ అది. అందరికీ ఒకటే సేవ చాలు, మీకు ప్రత్యేకంగా ఎందుకు అన్నది కౌన్సిల్ వాదం. ఆ స్త్రీలు హైకోర్టుకి ఎక్కారు. కౌన్సిల్ వెనక్కి తగ్గింది. గ్లాస్గోలో 2018 అక్టోబర్ 23, 24 తేదీల్లో ఎనిమిది వేల మంది దాకా స్త్రీలు సమాన వేతనం కోసం సమ్మె చేశారు. ఇళ్లలో సంరక్షణ పనులు చేసేవాళ్లు, వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు. చెత్త బండి మగవాళ్లు ఎంతోమంది వాళ్ల పికెట్ దాటి పనిలోకి వెళ్లడానికి నిరాకరించారు. 2019లో 54.8 కోట్ల పౌండ్ల ఒప్పందం కుదిరింది. డబ్బు కోసం నగరం తన పెద్ద భవనాలను అమ్మి మళ్లీ అద్దెకు తీసుకుంది.

బర్మింగ్‌హామ్‌లో అందుకు పూర్తిగా తలకిందులైన దృశ్యం కనబడింది. సమానత్వం పేరుతో చెత్త బండి కార్మికుల ప్రత్యేక హోదాను తీసేస్తామన్నారు. ఏడాదికి 8 వేల పౌండ్ల దాకా నష్టపోతామంటూ వాళ్లు 2025 మార్చి 11నుంచి పూర్తి సమ్మెకి దిగారు. వీధుల్లో చెత్త గుట్టలయింది. స్త్రీలకు పెంచి సమానం చేయవచ్చు, మగవాళ్లకు కోసి సమానం చేయవచ్చు. రెండోదాన్ని ఎంచుకున్న ప్రభుత్వం నింద మాత్రం స్త్రీల హక్కు మీద పెట్టింది. కింది మెట్టు మీద ఉన్న ఇద్దరిని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడానికి సమానత్వం అనే మంచి మాటనే వాడుకోవచ్చని మనం గుర్తుంచుకోవాలి.

అసలు బకాయి అంటే ఏమిటి? దశాబ్దాలపాటు ఆ స్త్రీలు తమ జీతంలో కొంత భాగం నగరానికి వదిలేశారు. వాళ్లను అడగకుండానే. ఆ డబ్బుతో నగరం భవనాలు కట్టింది, పన్నులు తక్కువగా ఉంచుకుంది. బ్యాంకు అప్పిస్తే దాన్ని రుణదాత అంటారు, వాయిదా తప్పకుండా వడ్డీ కడతారు. వంటమనిషి అప్పిస్తే ఆమెను భారం అంటారు. నగరం స్త్రీల వల్ల దివాలా తీయలేదు. స్త్రీల అప్పు మీద అన్నాళ్లు నడిచింది.

ఇది మనకెందుకు? సమాన విలువ గల పనికి సమాన వేతనం అనే అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశం 1958లోనే ఆమోదించింది. బ్రిటన్‌ కంటే పదమూడేళ్ల ముందు. కానీ మన 1976 చట్టం ఒకే పని లేదా అదే తరహా పని దగ్గర ఆగిపోయింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే మాట. హైదరాబాదు రోడ్లు తెల్లవారకముందే ఊడ్చే స్త్రీ, ఎక్కువమంది దళిత స్త్రీలే, తన జీతాన్ని మునిసిపల్ లారీ డ్రైవరు జీతంతో పోల్చుకోవడానికి ఈ చట్టంలో దారి లేదు. 1990లలో ఆ ఊడ్చే పనిని కాంట్రాక్టుకి ఇవ్వడం మొదలైనప్పటినుంచి, పక్కన అదే చీపురు పట్టుకున్న పర్మినెంటు ఉద్యోగితో పోల్చుకోవడమే ఒక పోరాటమైంది. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 2016 అక్టోబర్‌లో మన సుప్రీంకోర్టు పంజాబ్ కేసులో చెప్పింది. అది అన్ని మునిసిపాలిటీల జీతం కాగితాల్లోకి దానంతటదే నడిచి రాదు. 2015 జూలైలో జీహెచ్ఎంసీ పారిశుధ్య కార్మికుల సమ్మెలోనూ, 2023 డిసెంబర్‌నుంచి 42 రోజులు సాగిన ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల సమ్మెలోనూ ఖజానా గురించిన పాత మాటే మళ్లీ వినబడింది. ఎక్కణ్ణించి తెచ్చిమ్మంటారు?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది జీతం అడిగే స్త్రీ కాదు. ఇన్నాళ్లూ ఆమెకు ఎంత తక్కువ ఇచ్చారో, ఆ మిగులు ఎక్కడికి పోయిందో లెక్క చూపాల్సింది పాలకులు. మన మునిసిపాలిటీల్లో ఆ లెక్క ఇంకా ఎవరూ కట్టలేదు. చీపురుకీ స్టీరింగుకీ, వంటకీ కాపలాకీ ఉన్న విలువను పక్కపక్కన పెట్టి బేరీజు వేయమని మనమే అడగాలి.